ఎర్రరొమ్ముదా, టైగాదా? పర్లాకిమిడి తోపుల్లో రెండు ఫ్లైక్యాచర్లను వేరుచేసే పద్ధతి

కార్తీకమాసం వచ్చిందంటే ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి చుట్టుపక్కల మామిడి తోపులకు రెండు రకాల జనం చేరతారు. ఒకరు వనభోజనాలకు వచ్చేవాళ్లు. రెండోవాళ్లం మేము. అందరూ పులిహోర తింటుంటే మెడలో బైనాక్యులర్ వేసుకుని, కొమ్మల్లోకి చూస్తూ నిలబడతాం. మా ఆవిడ దృష్టిలో ఇది పరువు తక్కువ పని.

మేం వెతికేది గుప్పిట్లో ఇమిడే పిట్ట. ముక్కు కొస నుంచి తోక కొస దాకా 11, 12 సెంటీమీటర్లు. బరువు పాత మందపాటి ఐదు రూపాయల బిళ్లంత, అంటే 9, 10 గ్రాములు. పైన మట్టిరంగు, కింద తెలుపు, నల్లటి తోక, ఆ తోక మొదట్లో రెండు పక్కలా తెల్లటి మచ్చలు. రెక్కలు కాస్త కిందికి జార్చి, తోక పైకి ఎగరేసి, గొంతులో గిలక తిప్పినట్టు చప్పుడు చేస్తుంది. ఈగపట్టు పిట్ట అనండి, ఫ్లైక్యాచర్ అనండి, ఇంతవరకు గుర్తుపట్టడానికి పెద్ద అనుభవం అక్కర్లేదు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఈ పోలికలతో మన దగ్గరికి వచ్చే జాతులు రెండు. ఒకటి రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్, రెండోది టైగా ఫ్లైక్యాచర్. నేను మొదలుపెట్టిన మొదటి రెండు చలికాలాలూ కనిపించిన ప్రతిదాన్నీ రెడ్ బ్రెస్టెడ్ అనే రాసుకున్నాను. నా దగ్గరున్న పాత పుస్తకంలో ఉన్నది ఆ ఒక్క పేరే. తర్వాత పాత ఫోటోలు తీసి చూస్తే సగానికి పైగా టైగాలే. ఆ నోటుబుక్కు ఇప్పటికీ దాచుకున్నాను, బుద్ధి రావడం కోసం. నేను పడ్డ తిప్పలు మీరు పడకుండా, ఏది ముందు చూడాలో ఏది నమ్మకూడదో వరసగా చెబుతాను.

ఈ రెండూ ఎక్కడివి

రెండూ చలికాలపు చుట్టాలే. మన దగ్గర గూడు కట్టవు. ఎర్రరొమ్ముది (ఇకనుంచి ఇలాగే పిలుస్తాను) తూర్పు ఐరోపా నుంచి పశ్చిమ సైబీరియా వరకు ఉన్న అడవుల్లో పిల్లల్ని పెంచుతుంది. చలికాలానికి భారత ఉపఖండం చేరుతుంది. ఐరోపాలో పుట్టిన చాలా పిట్టలు చలికి ఆఫ్రికా దారి పడితే, ఇది తూర్పుగా తిరిగి మన వైపు వస్తుంది. టైగాది ఉరల్ కొండల దాపుల నుంచి తూర్పున కమ్‌చట్కా దాకా పరచుకున్న అడవుల్లో ఉంటుంది. ఆ ఉత్తరాది అడవుల పట్టీనే టైగా అంటారు, పిట్టకు ఆ పేరే వచ్చింది. చలికాలంలో అది మన తూర్పు, ఈశాన్య రాష్ట్రాలకు, బంగ్లాదేశ్‌కు, ఇంకా అవతల థాయ్‌లాండ్ వైపుకు దిగుతుంది.

శాస్త్రీయ నామాలు కూడా తెలుసుకుని ఉంటే మంచిది, పాత రికార్డులు చదివేటప్పుడు పనికొస్తాయి. ఎర్రరొమ్ముది ఫిసెడ్యులా పార్వా, 1792లో బెక్‌స్టైన్ పెట్టిన పేరు. టైగాది ఫిసెడ్యులా ఆల్బిసిల్లా, 1811లో పల్లాస్ పెట్టినది. పార్వా అంటే చిన్నది, ఆల్బిసిల్లా అంటే తెల్లతోకది. నిజానికి ఇద్దరి తోకలోనూ తెలుపు ఉంది, కాబట్టి పేరు చూసి మోసపోకండి. చాలా కాలం టైగాను ఎర్రరొమ్ముదానికి ఉపజాతిగానే లెక్కేశారు. కూత, ఈకలు మార్చుకునే తీరు, జన్యువులు అన్నీ వేరని తేలాక విడిగా పెట్టారు. పాత పుస్తకాల్లో రెండో పేరు కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మన జిల్లాల సంగతి. దేశం మొత్తం మీద చూస్తే పశ్చిమ, మధ్య, దక్షిణ భాగాల్లో ఎర్రరొమ్ముది ఎక్కువ, తూర్పున, ఈశాన్యంలో టైగాది ఎక్కువ. ఒడిశాలోని మా గజపతి, పక్కనున్న రాయగడ, కోరాపుట్ జిల్లాలు ఈ రెంటి మధ్యలో పడ్డాయి. ఇక్కడ పుట్టిన మనిషి తెలుగా, ఒడియానా అని అడిగితే ఎలా ఉంటుందో, ఇక్కడ దిగిన పిట్ట ఏ జాతి అని చూడకుండా చెప్పడమూ అలాగే ఉంటుంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు పోయింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు, ఆంధ్ర వైపు, ఉండిపోయింది. రెండు ఊళ్ల మధ్య తోపులో ఉన్న పిట్టకు ఆ గీత తెలీదు. మహారాష్ట్రలో సిరొంచ వైపు టేకు అడవుల్లో తిరిగే తెలుగువాళ్లకు ఎర్రరొమ్ముదే ఎక్కువ తగిలే అవకాశం. వాళ్లు టైగా అని రాయాలంటే మాకంటే గట్టి ఆధారం చూపించాలి. అంతమాత్రాన మాకు ఆధారం అక్కర్లేదని కాదు.

ముందు ఆ జంటలోదేనని తేల్చుకోండి

దీనికి ఎక్కువసేపు పట్టదు. తోక మొదట్లో రెండు పక్కలా తెలుపు కనిపించిందా? కనిపిస్తే దాదాపు తేలిపోయినట్టే. ఆ తెలుపు పిట్ట ఎగిరినప్పుడు, తోక ఎగరేసినప్పుడు తళుక్కుమంటుంది.

ఏసియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్ కూడా మట్టిరంగుదే, పెద్ద కళ్లు, కానీ దాని తోకలో తెలుపు ఉండదు, తోక ఎగరేసే అలవాటూ లేదు. టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్ మగదానికి రొమ్ము నారింజ రంగే గాని వీపు నీలం. నీడలో ఆ నీలం కనబడక కొత్తవాళ్లు ఎర్రరొమ్ముది అనేస్తారు. ఆడ నల్లంచి (ఇండియన్ రాబిన్) తోక నిలబెడుతుంది, కానీ ఒళ్లంతా ముదురు రంగు, తోక కింద ఇటుక రంగు. తోక వణికిస్తూ నేల మీదా రాళ్ల మీదా తిరిగేది, తోక ఇటుక రంగులో ఉంటే బ్లాక్ రెడ్‌స్టార్ట్. ఇవి పక్కన పెట్టాక మిగిలింది మన జంట.

ఏ నెలలో చూశారు?

పిట్టను చూడగానే ఎవరికైనా ముందు కనపడేది గొంతు మీది ఎరుపు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ ఎరుపు ఏం చెబుతుందో తెలియాలంటే ముందు క్యాలెండర్ చూడాలి.

ఎర్రరొమ్ముదాని పెద్ద మగపిట్టకు ఎరుపు ఏడాది పొడుగునా ఉంటుంది. టైగా మగదానికి అలా కాదు. గుడ్లు పొదిగే కాలం అయిపోయాక ఈకలు మార్చుకుంటుంది, ఆ మార్పులో ఎరుపు పోయి ఆడపిట్టలాగే తయారవుతుంది. మన దగ్గరికి వచ్చేది ఆ వేషంలోనే. చలి తగ్గి, వెనక్కి వెళ్లే రోజులు దగ్గరపడే కొద్దీ మళ్లీ ఎరుపు తెచ్చుకుంటుంది. కాబట్టి నవంబరు, డిసెంబరు, జనవరి మొదట్లో ఎర్ర గొంతు పిట్ట కనిపిస్తే అది ఎర్రరొమ్ముది అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్‌లో వెళ్లిపోయేదాకా ఇద్దరికీ ఎరుపు ఉండొచ్చు, అప్పుడు ఈ లెక్క పనిచేయదు.

దీన్ని తిరగేసి మాత్రం చదవకండి. "జనవరిలో ఎరుపు లేదు, కాబట్టి టైగా" అనడం తప్పు. ఎరుపు లేని పిట్ట ఏ జాతి ఆడదైనా కావచ్చు. ఎర్రరొమ్ముదాని మగపిల్ల కూడా కావచ్చు, ఎందుకంటే దానికి మొదటి చలికాలంలోనే కాదు, ఆ తర్వాతి ఎండాకాలంలో కూడా ఎరుపు రాదు. ఆడపిట్ట వేషంలోనే జతకడుతుంది. టైగా మగపిల్లకు మొదటి వసంతంలోనే వచ్చేస్తుంది. మనకు తోపుల్లో కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఎరుపు లేనివే. అంటే ఎరుపు మీద ఆధారపడ్డ మనిషి ఎక్కువ పిట్టలకు పేరు చెప్పలేడు, లేదా తప్పు పేరు చెబుతాడు. నేను రెండోది చేశాను.

చెవి

మా ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేశారు. సవరల భాష నేర్చుకోవడానికి ఆయనకు చదువుకునే పుస్తకాలేమీ లేవు, ఆ భాషకు అప్పటికి లిపే లేదు. మనుషులు మాట్లాడుతుంటే విని, రాసుకున్నారు. పిట్టల విషయంలో నాకు ఆయన దారే నచ్చింది, ఎందుకంటే ఈ రెంటినీ కంటికంటే చెవి ముందు పట్టుకుంటుంది.

రెండూ గిలక తిప్పినట్టే కూస్తాయి. తేడా వేగంలో. సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్తుంటే వెనక చక్రం దగ్గర వచ్చే చప్పుడు గుర్తుంది కదా, "టిక్ టిక్ టిక్" అని. కాస్త వేగంగా తోస్తే "ట్ర్-ర్-ర్-ర్" అంటుంది గాని, ఒక్కొక్క టిక్కూ ఇంకా విడిగానే వినపడుతుంది. ఎర్రరొమ్ముదాని గిలక అలాంటిది. అదే సైకిలు మీద వాలులో తొక్కకుండా దిగుతుంటే టిక్కులన్నీ కలిసిపోయి "టిర్ర్ర్ర్" అని ఒకటే గీత అవుతుంది. టైగా గిలక అది. పొడిగా, గట్టిగా, కీచురాయి మొదలుపెట్టి వెంటనే ఆపేసినట్టు ఉంటుంది.

ఒక్కటి విని తేల్చడం కష్టం, రెండూ విన్నవాడికి తేలిక. అందుకని బయలుదేరే ముందే ఇంట్లో కూర్చుని జెనో-కాంటో వెబ్‌సైట్లో రెండింటి రికార్డింగులు ఒకదాని తర్వాత ఒకటి వినండి. ఐదు రోజులు, రోజుకు పది నిమిషాలు చాలు. అర్థం కాకపోతే మీ సైకిలు దగ్గరికి వెళ్లండి, నేను అలాగే నేర్చుకున్నాను.

తోపులో ఫోన్ తీసి రికార్డు చేసుకోండి. పిట్ట పక్కనే ఉండాల్సిన పనిలేదు, చప్పుడు వినపడుతుంటే చాలు. ఇంటికొచ్చాక ఏదైనా సౌండ్ ఎడిటర్‌లో తెరిస్తే స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే చప్పుడును గీసి చూపించే బొమ్మలో, ప్రతి టిక్కూ నిలువు గీతగా కనిపిస్తుంది. ఎర్రరొమ్ముదాని గీతల మధ్య సందు ఉంటుంది, టైగా గీతలు దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఫోన్‌లో పిట్టల యాప్ ఏదో పేరు చూపించిందని ఆగిపోవద్దు. ఆ పేరును ఒక అనుమానంగా తీసుకుని మీ చెవితో సరిచూసుకోండి.

మీరు విన్నది గిలకే అయి ఉండాలి. మన తోపుల్లో చలికాలంలో పొదల అడుగునుంచి "చెక్, చెక్" అని విడివిడిగా తిట్టేది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. ఉడత కోపం వచ్చి అరిచేది వేరే చప్పుడే అయినా, నేను ఒకసారి పావుగంట ఉడతను రికార్డు చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేగాని నిజం.

ఇంకొకటి. పిట్టను రప్పించడానికి దాని కూతను ఫోన్‌లో పెట్టి వినిపించకండి. ఈ పిట్టలు చలికాలమంతా తలా ఒక నాలుగు చెట్లను తమవని కాపలా కాస్తాయి. వాటికి మీరు కొత్త శత్రువును తెచ్చిపెట్టినట్టవుతుంది, అది తిండి మానేసి వెతుక్కుంటుంది.

తోక మొదలు

ఒక్క లక్షణమే చూసే వీలుందంటే నేను ఇదే చూస్తాను. వీపు ముగిసి తోక మొదలయ్యే చోట, తోక ఈకల మొదళ్లను పైనుంచి కప్పుతూ కొన్ని పొట్టి ఈకలు ఉంటాయి. ఇంగ్లిషులో అప్పర్ టెయిల్ కోవర్ట్స్ అంటారు. నేను కప్పు ఈకలు అంటాను. వీటిలో తోక వైపు చివరగా ఉన్న పొడుగువాటి రంగు చూడాలి.

టైగాదానికి అవి కాటుక నలుపు. తోక ఎంత నలుపో అంత, చాలాసార్లు తోకకంటే ఇంకాస్త నలుపు. ఎర్రరొమ్ముదానికి అవి ముదురు గోధుమ లేదా బూడిద కలిసిన గోధుమ. తోకకంటే నల్లగా ఉండవు, తోకే నల్లగా కనిపిస్తుంది. మగదా, ఆడదా, పిల్లదా అన్నదాంతో నిమిత్తం లేకుండా, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఏ నెలలోనైనా ఈ తేడా ఉంటుంది. ఈ పిట్టల్లో ఇంత నిలకడగా ఉండే గుర్తు ఇంకోటి లేదు.

"నల్లగా ఉందా?" అని అడగకండి. "తోకతో పోలిస్తే నల్లగా ఉందా?" అని అడగండి. రెండూ ఒకే పిట్ట మీద, ఒకే వెలుతురులో ఉన్నాయి కాబట్టి వెలుతురు చేసే మోసం సగం తగ్గుతుంది. ఆ మోసం చిన్నది కాదు. ఆకాశం వెనకగా ఉండి పిట్ట నీడలో ఉంటే ప్రతి ఎర్రరొమ్ముదీ టైగా అయిపోతుంది. ఫోటో ఎక్కువ వెలుతురుతో తీస్తే టైగా నలుపు గోధుమగా మారుతుంది.

మరి పిట్ట వీపు చూపించాలి కదా. దానికి కాస్త ఓపిక పట్టాలి. తోక ఎగరేసే క్షణంలో రెక్కలు రెండు పక్కలా కిందికి జారతాయి, అప్పుడు కప్పు ఈకలు తేటగా బయటపడతాయి. మామూలుగా కూర్చున్నప్పుడు రెక్కల కొసలు వాటిని మూసేస్తాయి. కాబట్టి ఎగరేసే లోపలే కెమెరా సిద్ధంగా ఉండాలి.

ఇలా చేయండి. పిట్ట ఏ కొమ్మ నుంచి ఎగిరి పురుగును పట్టి ఎక్కడికి తిరిగి వస్తోందో పది నిమిషాలు ఊరికే చూడండి. సాధారణంగా మూడు నాలుగు కొమ్మలే మారుతూ ఉంటుంది, మధ్యలో నేల మీదికీ దిగుతుంది. సూర్యుడు మీ వెనక ఉండేలా, ఆ కొమ్మకు పది పన్నెండు మీటర్ల దూరంలో కూర్చోండి. నిలబడొద్దు, కూర్చోండి. ఒక చెట్టు మొదలుకు ఆనుకుంటే ఇంకా మంచిది. బైనాక్యులర్ 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) అయితే తోపులోని మసక వెలుతురుకు సరిపోతుంది. కెమెరా ఉంటే షట్టర్ వేగం సెకనుకు 500వ వంతు కంటే తగ్గనివ్వకుండా, వరసగా ఫోటోలు తీసే మోడ్‌లో పెట్టుకోండి. గిలక చప్పుడు మొదలైతే తోక కూడా ఎగరేస్తుంది, ఆ చప్పుడే మీకు సిగ్నల్. రా ఫైల్ (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ఫోటో) తీసే సౌకర్యం ఉంటే వాడుకోండి, తర్వాత వెలుతురు సరిచేసి చూడొచ్చు.

ఉదయం ఏడున్నర దాకా మా దగ్గర మంచు. వంశధార, మహేంద్రతనయ ఒడ్డున అయితే ఎనిమిది దాకా. ఆ మంచులో తీసిన ఫోటోల్లో నలుపు, గోధుమ ఒకటే బూడిద. మంచు విడిచాక, పది లోపల, మంచి వెలుతురు. జనవరిలో మామిడి పూత మొదలయ్యాక పూత చుట్టూ ఈగలు మూగుతాయి, పిట్టలూ అక్కడికే దిగుతాయి, అప్పుడు మెడ నొప్పి కూడా తక్కువ.

మహేంద్రగిరి పాదాల వైపో గండాహాతి జలపాతం దారిలోనో వెళ్లేవాళ్లు పక్క ఊళ్లో ఒకమాట అడిగి వెళ్లండి. లఖారీ లోయ నుంచి ఏనుగులు దిగి రాష్ట్రాల గీత దాటి తిరగడం ఇక్కడ మామూలే. పిట్ట తోక చూస్తూ ఏనుగును చూడని మనిషి రికార్డు ఎవరికీ ఉపయోగపడదు.

ముక్కు

తోక తర్వాత ముక్కు. టైగా ముక్కు మొత్తం నల్లగా ఉంటుంది. ఎర్రరొమ్ముదానికి కింది దవడ మొదలు లేత రంగు, గులాబీ కలిసిన గోధుమలా. పక్క నుంచి, కాస్త కింది నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. పిట్ట పై కొమ్మ మీద, మనం కింద ఉంటాం కాబట్టి ఈ కోణం దానంతట అదే కుదురుతుంది. తోక దాచిపెట్టే పిట్టకు ముక్కు దాచడం చేతకాదు.

కొన్ని టైగా పిల్లలకు కింది ముక్కు మొదట్లో కొంచెం లేతదనం ఉండొచ్చు. పిల్లవాటి నోటి మూల పసుపుగా ఉంటుంది, దాన్ని ముక్కు రంగు అనుకోవద్దు. ముక్కు పూర్తిగా నలుపైతే టైగా వైపు గట్టిగా మొగ్గండి. మొదట్లో లేత రంగు స్పష్టంగా, సగం దాకా ఉంటే ఎర్రరొమ్ముది. ఈ రెంటికీ మధ్యలో ఉంటే ముక్కును పక్కన పెట్టి తోక కోసం కూర్చోండి.

రొమ్ము, గొంతు

ఎరుపు లేని పిట్టల్లో ఎర్రరొమ్ముదాని రొమ్ము వెచ్చటి రంగు, పాలల్లో కాస్త టీ కలిసినట్టు. గొంతుకూ రొమ్ముకూ పెద్ద తేడా ఉండదు. టైగాదానికి గొంతు తెల్లగా, రొమ్ము చల్లని బూడిద రంగులో ఉండి గొంతు విడిగా తెలుస్తుంది. చెప్పడానికి బాగానే ఉంది, కానీ పొద్దున్నే ఎండ పసుపు పచ్చగా పడితే బూడిద కూడా టీ రంగే అవుతుంది. పచ్చటి ఆకుల కింద అన్నీ పచ్చగా కనిపిస్తాయి. నేను ఈ గుర్తుకు సాక్షి హోదా ఇస్తాను, తీర్పు మాత్రం చెప్పనివ్వను.

మార్చి, ఏప్రిల్‌లో ఇద్దరు మగవాళ్లూ ఎర్రగా ఉన్నప్పుడు ఎరుపు ఎక్కడ ఆగిందో, దాని కింద ఏముందో చూడాలి. టైగాదానికి ఎరుపు గొంతు వరకే, దాని చుట్టూ, కింద కూడా, బూడిద రంగు పట్టీ మూసేస్తుంది. ఎర్రరొమ్ముదానికి ఎరుపు రొమ్ము దాకా జారి, కింద పట్టీ లేకుండా మెల్లగా తెలుపులో కలుస్తుంది. బూడిద రంగు తల మీద, మెడ పక్కల ఉంటుంది. ముసలి మగవాటికి ఇది చూడగానే తెలుస్తుంది. కానీ ఎరుపు కొత్తగా వచ్చిన ఎర్రరొమ్ము మగదానికి అది గొంతు వరకే ఉండొచ్చు. అందుకని ఎరుపు పొడుగు కొలవడం కంటే కింద బూడిద పట్టీ మూసుకుందా లేదా అన్నది చూడండి.

పనికిరానివి కూడా చెప్పేస్తాను, టైం మిగులుతుంది. కంటి చుట్టూ లేత వలయం ఇద్దరికీ ఉంటుంది. తోకలో తెలుపు ఇద్దరికీ ఉంటుంది. సైజు తేడా కంటికి ఆనదు. రెక్క మీది లేత అంచులు పిల్లవాటిలో రెండింటికీ ఉంటాయి.

ఒక పిట్ట, రెండు పొద్దులు

పోయిన మార్చిలో మా మేనల్లుడు బరంపురం నుంచి కొత్త కెమెరాతో వచ్చాడు. మహేంద్రతనయ ఒడ్డున తోపులో ఎర్ర గొంతు పిట్ట దొరికింది. ఎరుపు చిన్నది, గొంతు దాటలేదు.

"మావయ్యా, టైగానే కదా?"

"ఎందుకలా అన్నావు?"

"ఎరుపు కొంచెమే ఉంది కదా."

"కొత్తగా ఎరుపొచ్చిన ఎర్రరొమ్ముదానికీ కొంచెమే ఉంటుందిరా. కింద పట్టీ ఉందా?"

పిట్ట ఎదురు వెలుతురులో ఉంది, పట్టీ ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ముక్కు నల్లగా కనిపించింది, కానీ ఆ వెలుతురులో నా ముక్కు కూడా నల్లగానే కనపడుతుంది. అరగంటలో ఒక్కసారి కూడా కూయలేదు. వాడు తీసిన నలభై ఫోటోల్లో వీపు ఒక్కదాంట్లో లేదు. వాడికి టెన్షన్ మొదలైంది, చూసిన పిట్టలను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్ లిస్టులో ఏదో ఒక పేరు పెట్టాలని. నేను రెండింటిలో ఏదో ఒకటి అని రాయించాను. వాడికి నచ్చలేదు, దారి పొడుగునా మాట్లాడలేదు.

ఈ పిట్టలు తమ చెట్లు వదలవని చెప్పాను కదా. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి మళ్లీ అక్కడికే, ఈసారి తూర్పు వైపు నుంచి, ఎండ వీపున పెట్టుకుని వెళ్లాం. అదే చింతచెట్టు, అదే పక్క కొమ్మ. ఇరవై నిమిషాలకు కాకి ఒకటి వాలింది, మన పిట్టకు కోపం వచ్చి "టిర్ర్ర్" అంది. విడి టిక్కులు లేవు, ఒకటే గీత. వెంటనే రెక్కలు జార్చి తోక లేపింది. కప్పు ఈకలు తోకకంటే నల్లగా, కాటుక పెట్టినట్టు. తిరిగి మా వైపు మళ్లినప్పుడు ఎరుపు కింద బూడిద పట్టీ ఈ పక్క నుంచి ఆ పక్క దాకా కనిపించింది. నిన్న వాడన్నదే నిజం. కానీ నిన్న మా దగ్గర ఉన్నది ఊహ, ఇవాళ ఉన్నది మూడు గుర్తులు. వాడు రాత్రే పెట్టిన లిస్టు సరిచేశాడు.

రాసుకునేటప్పుడు

ఈబర్డ్‌లో ఈ రెంటికీ కలిపి ఒక ఉమ్మడి పేరు ఉంది, తేల్చలేనివాటిని దాని కింద వేయొచ్చు. దాన్ని వాడటానికి మొహమాటపడకండి. రెండు జాతులూ కలిసే మన జిల్లాల్లో తప్పు పేరు రాస్తే, రేపు ఎవరైనా ఏది ఎక్కడిదాకా వస్తోందో మ్యాపు గీసుకునేటప్పుడు ఆ తప్పు కూడా మ్యాపులోకి ఎక్కుతుంది. నా మొదటి రెండేళ్ల లిస్టులు అలా ఎక్కినవే. ఫోటోలున్నవి సరిచేశాను, లేనివి ఉమ్మడి పేరుకు మార్చాను.

నోట్సులో "గొంతు ఎరుపు" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. నేను ఇప్పుడు రాసేది ఇలా ఉంటుంది: "డిసెంబరు 14, ఉదయం 8.20, ఎండ వెనక నుంచి. గొంతు ఎరుపు రొమ్ము దాకా, కింద పట్టీ లేదు. కింది ముక్కు మొదలు లేత. కప్పు ఈకలు గోధుమ, తోక ఇంకా నలుపు. గిలక నెమ్మది, టిక్కులు విడిగా. ఎర్రరొమ్ముది, మగ." చూడనిది ఉంటే "వీపు చూడలేదు" అని అదీ రాస్తాను. ఆ మాట ఉంటేనే పదేళ్ల తర్వాత చదివేవాడికి మిగతా మాటల మీద నమ్మకం కుదురుతుంది.

వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ తప్పకుండా రాయండి. అక్టోబరులో మీ తోపులో మొదటి గిలక ఏ రోజు వినపడిందో, ఏప్రిల్‌లో చివరిది ఏ రోజో. ఒకే నాలుగు చెట్లకు ప్రతి వారం వెళ్తే, జనవరిలో ఎరుపు లేకుండా ఉన్న టైగా మగదానికి గొంతు మీద మొదటి నారింజ ఈక ఎప్పుడు మొలిచిందో మీరే పట్టుకోవచ్చు. పోయినేడు నేను చూస్తున్న పిట్టకు అది ఫిబ్రవరి మూడో వారంలో కనిపించింది. కుంకుమ అంటించిన వేలితో ఎవరో గొంతు తాకి వదిలేసినట్టు, చిన్న మరక.